టవరెక్కిన ట్రాఫిక్ పోలీసు!

2004 డిసెంబరు 26. సునామీ దెబ్బకి అండమాన్ దీవులు విలవిల్లాడాయి. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం రేడియో సెట్టు ముందు కూర్చుని అక్కడి కబుర్లు బయటికి చేరవేసింది. ఇలా లైసెన్సు తీసుకుని, సరదాకి రేడియోలో మాట్లాడుకుంటూ ఆపదొస్తే అక్కరకొచ్చేవాళ్లే... హామ్‌లు!

దీవుల నుంచి దేశం దాకా వినిపించడానికి పెద్ద సెట్లు కావాలి. ఊళ్లోవాళ్లతో మాట్లాడటానికి చేతిలో ఇమిడే సెట్టు చాలు. కాకపోతే దాని గొంతు ఎక్కువ దూరం పోదు. అందుకే కొండమీదో టవర్ మీదో ‘రిపీటర్’ పెడతారు. అది చిన్న గొంతుని ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా వినిపిస్తుంది.

చిక్కంతా ఆ టవర్ మీదే. అమెరికాలో ఒకే టవర్‌కి పోలీసుల, ఫైరింజన్ల, ట్యాక్సీల యాంటెన్నాలూ వేలాడుతుంటాయి. పక్కవాళ్ల సిగ్నల్ మన యాంటెన్నా గుండా మన ట్రాన్స్‌మిటర్‌లోకి చొరబడి, అందులోని సిగ్నల్‌తో కలుస్తుంది. 150, 151 మెగాహెర్ట్జ్‌లు అలా కలిస్తే 149, 152ల దగ్గర కొత్త సిగ్నళ్లు పుడతాయి. అవి వెళ్లి ఏ ఫైరింజన్ ఫ్రీక్వెన్సీ మీద పడ్డా... ఆపదలో ఉన్నవాళ్ల కేక గరగరల్లో కలిసిపోతుంది!

దీనికి విరుగుడే ‘ఐసొలేటర్’. బావి మోటారుకి ఫుట్‌వాల్వ్ ఉంటుంది కదా... నీటిని పైకి పోనిస్తుంది, కిందికి జారనివ్వదు. ఇదీ అంతే. లోపల ఫెర్రైట్ బిళ్లలూ అయస్కాంతాలూ ఉంటాయి. ట్రాన్స్‌మిటర్ శక్తి యాంటెన్నా వైపు దాదాపుగా నష్టం లేకుండా వెళ్తుంది. యాంటెన్నా వైపు నుంచి వచ్చేది మాత్రం మూడో దారి పట్టి, అక్కడున్న ‘లోడ్’లో వేడిగా మారిపోతుంది. రెండు అంచెల ఐసొలేటరైతే చొరబడే శక్తిని లక్షో వంతుకి తగ్గించగలదు.

మరి కొత్తది కొనాలంటే? ఖరీదెక్కువ. అందుకే అక్కడి హామ్‌లు పాతవాటి కోసం వెతుకుతారు. ఒహాయో రాష్ట్రంలో 1952లో మొదలైన ‘హామ్‌వెన్షన్’లాంటి మేళాల్లో పాత రేడియో సామాన్ల సంత ఉంటుంది. కంపెనీలు తీసేసిన ఐసొలేటర్లు అలాంటి చోట్లే చవగ్గా దొరుకుతాయి. అయితే అవి చాలావరకు 450-470 మెగాహెర్ట్జ్ కోసం చేసినవి. అక్కడి హామ్ రిపీటర్లు ఉండేదేమో 440-450 మధ్య. అలాగే బిగిస్తే సగం శక్తి అందులోనే ఆవిరైపోవచ్చు.

అందుకే మళ్లీ ట్యూన్ చేస్తారు. డబ్బా మీద చిన్న చిన్న స్క్రూలు ఉంటాయి. ముందు అతి తక్కువ శక్తి ఉన్న సిగ్నల్ పంపి, అవతలి వైపు ఎక్కువ వచ్చేలా వాటిని తిప్పాలి. తర్వాత వెనకవైపు నుంచి పంపి, ముందుకి వీలైనంత తక్కువ వచ్చేలా చూడాలి. ఒకటి తిప్పితే రెండోది మారుతుంది కాబట్టి మళ్లీ మొదటికి! ఒకప్పుడు దీనికి ల్యాబ్‌లోని పెద్ద పరికరాలు కావాలి. ఇప్పుడు అరచేతిలో పట్టే నానోవీఎన్‌ఏ చాలు.

జాగ్రత్తలూ ఉన్నాయి. ఇనప స్క్రూడ్రైవర్ వాడకూడదు... లోపలి అయస్కాంతం దాన్ని లాగేస్తుంది, కొలతలూ తప్పుతాయి. అయస్కాంతాల జోలికి అసలే పోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం లోడ్. గాలివానకి యాంటెన్నా విరిగితే ట్రాన్స్‌మిటర్ శక్తంతా వెనక్కొచ్చి లోడ్ మీదే పడుతుంది. వంద వాట్ల రిపీటర్‌కి అయిదు వాట్ల లోడ్ పెడితే మాడి మసైపోతుంది. ఇంకోటి... ఫెర్రైట్ తనే కొన్ని అనవసర సిగ్నళ్లను పుట్టిస్తుంది. అందుకే ఐసొలేటర్ తర్వాత ఫిల్టర్ తప్పనిసరి.

ఎంత ట్యూన్ చేసినా అన్నీ లొంగవు. 800 మెగాహెర్ట్జ్ కోసం చేసినదాన్ని 440కి దించడం కుదరదు. కొనేముందే డబ్బా మీది అంకె చూసుకోవాలి.

ఇంతా చేస్తే ఆ డబ్బా ఎవరికీ కనిపించదు. టవర్ కింది గదిలో ఓ మూల పడి ఉంటుంది. గాలివాన రాత్రి ఎవరో చేతిసెట్టు పట్టుకుని సాయం అడిగినప్పుడు, ఆ మాట గరగర లేకుండా అవతలివాళ్లకి వినిపిస్తే... దాని పని అది చేసినట్టే!