మీటరు ఎవరి కోసం తిరిగింది?

– తృతీయ బి.యస్సి. విద్యార్థి

హాస్టలు కుర్రాళ్ళ ఆటల మీద సావనీరులో వ్యాసమేమిటని అధ్యాపకులు విసుక్కోవద్దని ముందే మనవి చేసుకుంటున్నాను. నేను వ్రాయబోయేది ఆట గురించి కాదు, ఆటకు వచ్చిన బిల్లు గురించి.

మా గదిలోనూ పక్క గదిలోనూ కలిపి ఆరుగురం మైన్‌క్రాఫ్ట్ ఆడతాము. తెలియని పెద్దల కోసం ఒక్క ముక్క: దిమ్మెలు పేర్చి ఇళ్ళూ గనులూ పొలాలూ కట్టుకునే ఆట అది. ఆరుగురమూ ఒకే ప్రపంచంలో తిరగాలంటే ఆ ప్రపంచాన్ని ఎక్కడో ఒక కంప్యూటరు మోస్తూ ఉండాలి. దాన్నే సర్వర్ అంటారు. ఎవరు ఎక్కడున్నారు, నీరు ఎటు పారింది, ఏ మొక్క ఎంత పెరిగింది అని సెకండుకు 20 సార్లు లెక్క చూసుకుంటుంది. హాస్టలు వైఫై మీద సొంత లాప్‌టాప్‌తో ఈ పని చేయటం మావల్ల కాలేదు. కనుక అద్దెకు తెచ్చుకున్నాము.

అద్దె రెండు రకాలు. నెలకింత అనేది ఒకటి. ఆడినా ఆడకపోయినా అంతే. రెండవది వాడకాన్ని బట్టి గంటకింత. ఈ రెండో పద్ధతి నిన్నమొన్నటిది కాదు. అమెజాన్ వారు 2006లోనే కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకివ్వటం మొదలుపెట్టారు. 2017లో లినక్స్ యంత్రాలకు సెకండ్ల లెక్కకు దిగారు. (మేము వెళ్ళింది వారి దగ్గరకు కాదు. వేరే చిన్న కంపెనీ, దాని పేరుతో మనకు పని లేదు.)

నెల పద్ధతిలో 600 రూపాయలు. గంట పద్ధతిలో గంటకు 4. మెస్సులో భోజనాలయ్యాక తొమ్మిదింటి నుండి పదకొండింటి దాకా ఆడితే నెలకు 60 గంటలు, అంటే 240 రూపాయలు. మనిషికి 40. టీ ఖర్చు కూడా కాదు! నెలలో 720 గంటలుంటే 60 గంటలు ఆడేవాడు మొత్తానికి డబ్బెందుకు కట్టాలి? ఇలా గట్టిగా వాదించి మిత్రులను గంట పద్ధతికి ఒప్పించినవాణ్ణి నేనే. కట్టే బాధ్యతా నా పేరు మీదే పెట్టుకున్నాను.

సంక్రాంతికి అందరం ఊళ్ళకు పోయాము. సర్వర్‌ను ఆపటం ఎవరికీ గుర్తులేదు. తిరిగివచ్చి చూస్తే 13 రోజులు, 312 గంటలు, 1,248 రూపాయలు. ఆ 312 గంటల్లో లోపలికి అడుగుపెట్టిన మనిషి ఒక్కడూ లేడు.

పరీక్ష ఫీజుకని నాన్న పంపిన డబ్బులో నుంచి కట్టి, మళ్ళీ అడగవలసి వచ్చింది. అంతా విని ఆయన తిట్టలేదు. "ఏరా, ఎవరూ లేని పొలానికి నీళ్ళు పెట్టావా?" అన్నాడంతే. ఆ మాట తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

ఎందుకంటే ఆయన అన్నది అక్షరాలా నిజం. మాది మార్కాపురం వైపు పల్లె. బోరు మీద బతుకు. కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని రోజుల్లో ప్రతివాడూ మోటారుకు ఆటో స్టార్టర్ తగిలించేవాడు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే లేచేది. మడి నిండినా, గట్టు తెగినా, మనిషి చేనులో లేకపోయినా నీళ్ళు పోతూనే ఉండేవి. మోటారుకు తెలిసింది కరెంటు ఉందా లేదా అన్నదొక్కటే. మా సర్వర్ సంగతీ అంతే. 2024లో ఆటలో వచ్చిన ఒక మార్పు వల్ల, లోపల ఎవరూ లేకపోతే నిమిషం తర్వాత ఆట తనంతట తాను ఆగిపోతుంది. ఆగేది ఆటే సుమా, యంత్రం కాదు! మన కోసం పట్టి ఉంచిన మెమరీ మన పేరు మీదే ఉంటుంది, మీటరు తిరుగుతూనే ఉంటుంది. కంపెనీది మోసమని అనను. ఆ మెమరీని మన కోసం ఉంచినంతసేపు ఇంకొకరికి ఇవ్వలేరు గదా. కానీ "ఆడినంతకే డబ్బు" అని ప్రకటనలో వేసుకోవటం మాత్రం న్యాయం కాదు. యంత్రం మేలుకొన్నంతకు డబ్బు అని వేయాలి.

తర్వాత పది నిమిషాలు ఎవరూ లేకపోతే యంత్రమే ఆగిపోయేట్లు ఏర్పాటు చేశాను. ఐనా బిల్లు తగ్గలేదు. ఆరా తీస్తే తేలిందేమంటే, మాలో ఒకడు ఇనుము దానంతట అది తయారయ్యే ఫారం కట్టాడు. దగ్గర్లో ఆటగాడు ఉంటేనే అది నడుస్తుంది. కనుక రాత్రంతా వాడి బొమ్మ అక్కడ నిలబడి ఉంటుంది, వాడు మాత్రం దుప్పటి కప్పుకుని నిద్రపోతాడు! ఏడు గంటలకు 28 రూపాయలు, రోజూ. నిలదీస్తే "ఆ ఇనుము ఆరుగురూ వాడుకోలేదట్రా?" అన్నాడు. వాడుకున్నాము. నా బొమ్మ వేసుకున్న కవచం దానితో చేసిందే. ఆ రాత్రి ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

నెల పద్ధతిలో ఉంటే ఈ తగాదా పుట్టేదే కాదని మిత్రులన్నారు. ఒప్పుకుంటాను. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మొదటి సంవత్సరం కుర్రవాడొకడు వచ్చి, "అన్నా, నేను ఆడితే మీకు ఖర్చు పెరుగుతుందా?" అని అడిగాడు. మాతోపాటు ఆడితే పైసా పెరగదు. గంటకు మాట్లాడుకున్న ట్రాక్టరు లాంటిదది. ఒక చేను దున్నినా పక్క చేను కలిపి దున్నినా గంటకు గంటే. కానీ మధ్యాహ్నం క్లాసు లేనప్పుడు వాడు ఒక్కడే ఆడితే పెరుగుతుంది. ఆ సంగతి చెప్పాక వాడు మధ్యాహ్నాలు రావటం మానేశాడు. మీటరు మా ఆరుగురినీ ఒకే వేళకు ఒకచోట కూర్చోబెట్టింది, ఆ కుర్రవాణ్ణి మాత్రం బయట నిలబెట్టింది.

మరి నేను ఏ పక్షం? ఇప్పటికీ గంట పద్ధతినే సమర్థిస్తాను. వెంటనే ఎవరైనా అడగవచ్చు: "మీ నాన్న మోటారుకు మీటరు వద్దంటాడు, నువ్వు సర్వర్‌కు మీటరు కావాలంటావు, ఇదేం న్యాయం?" అని. 2004 నుండి మాకు సేద్యానికి ఉచిత కరెంటు. 2020లో పంపుసెట్లకు మీటర్లు పెట్టి, బిల్లు డబ్బు రైతు ఖాతాలో వేస్తామని ప్రభుత్వం శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టినప్పుడు మా అరుగు మీద పెద్ద చర్చే జరిగింది. ఆ రోజు నాన్న అన్నదే నా జవాబు. వాన పడని ఏడాదే మోటారు ఎక్కువ తిరుగుతుంది. అంటే పంట పోయే ఏడాదే మీటరు ఎక్కువ చూపిస్తుంది. ఆ గంటలు రైతు కోరుకున్నవి కావు. మేము రాత్రి తొమ్మిదింటికి ఆడేది మా ఇష్టం కొద్దీ. ఇష్టపడి వాడినదానికి లెక్క కట్టమనటంలో తప్పు లేదు.

కానీ ఆ లెక్క వాడుతున్నప్పుడే కంటికి కనపడాలి, మేము గీసిన గీత దగ్గర ఆగాలి. పెద్ద కంపెనీలలో కూడా బడ్జెట్ హెచ్చరిక అంటే మామూలుగా ఒక ఉత్తరం రావటమే. దానంతట అది యంత్రాన్ని ఆపదు. పండగపూట ఊళ్ళో ఉన్నవాడు ఆ ఉత్తరం ఎప్పుడు చూస్తాడు? ముందుగా 200 వేసుకుంటే 200 అయ్యాక ఆగిపోవాలి, మేము కట్టుకున్న ఇళ్ళు మాత్రం చెరిగిపోకూడదు. మిగిలిన డబ్బెంతో ఆటలో ఒక మూల ఎప్పుడూ కనపడాలి. జీతాలు లేని విద్యార్థులకు సర్వర్లు అమ్మేవారు ఈపాటి చేయలేరా?

ఫిబ్రవరిలో ఇలా ముందుగా డబ్బు వేసుకునే కంపెనీకి మారాము. పాత ప్రపంచాన్ని అక్కడికి తీసుకుపోవటానికి ఒక ఆదివారం పట్టింది. కుర్రవాడి మధ్యాహ్నాల కోసం నెలకు 10 గంటలు విడిగా తీసిపెట్టాము, అవి అందరి ఖాతాలోవి. ఇనుము మిత్రుడు తన రాత్రుల కోసం వేరే 50 వేశాడు. రెండు రాత్రుల్లో అయిపోయింది. మూడో రోజు పొద్దున్నే నా మంచం దగ్గరకు వచ్చి, "ఒరేయ్, ఇంత అవుతుందా!" అన్నాడు.