బిల్లు లేని టర్బో మన బండికి వద్దు

లాల్‌ఖదాన్, తోర్వా తెలుగు లారీ యజమానులకు, డ్రైవర్లకు, మిస్త్రీలకు విన్నపం



మన తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే పనికని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి బిలాస్‌పూర్ వచ్చారు. మనవళ్లలో రైల్వే ఉద్యోగం దొరికినవాళ్లు కొందరే. మిగిలినవాళ్లలో ఫైనాన్సు మీద లారీయో టిప్పరో తీసుకుని కోర్బా బొగ్గు, సీపత్ బూడిద తోలుకునేవాళ్లున్నారు. టర్బో పోతే బండి ఆగుతుంది. కిస్తీ ఆగదు.

ఆ కంగారులో ఉన్నవాడి ముందు దుకాణంలో రెండు డబ్బాలు పెడతారు. ఒకటి కంపెనీది. రెండోది అందులో సగం ధర, ఒక్కోసారి ఇంకా తక్కువ. “రెండూ ఒకటే మాల్ భయ్యా, పేరుకే తేడా” అంటారు. బిల్లు అడిగితే జీఎస్టీ పడుతుందని బెదిరిస్తారు. ఆ రెండో డబ్బా గురించే ఈ కరపత్రం.

ఒకటే మాల్ కాదు. బయటి నుంచి చూస్తే రెండూ నత్తగుల్లల్లాగే ఉంటాయి, నిజమే. కానీ లోపలి ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు అటూ ఇటూ తిరుగుతుంది. ఒక చివర ఉన్న చక్రానికి ఆరేడు వందల డిగ్రీల పొగ తగులుతుంటే, రెండో చివర చక్రం బయటి గాలిని ఇంజన్‌లోకి తోస్తుంది. ఇరుసుకూ బుష్‌కూ మధ్య సందు మిల్లీమీటరులో నూరో వంతుల్లో ఉంటుంది. అక్కడ ఆనుకోవడానికి ఆయిల్ పొర తప్ప ఇంకేమీ లేదు. అందుకే పేరున్న తయారీదారు వేడి చక్రాన్ని నికెల్ మిశ్రలోహంతో పోస్తాడు, ఇరుసూ చక్రాలూ కలిసిన కోర్‌ను మెషీన్ మీద వేగంగా తిప్పి బ్యాలెన్స్ చేస్తాడు. ధర సగానికి దిగాలంటే కోత పడేది ఈ రెండింటి మీదే. ఆ కోత కంటికి కనిపించదు. లోడుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు కనిపిస్తుంది.

కనిపించడమంటే పికప్ తగ్గడం ఒక్కటే కాదు. సీలు పోతే ఇంజన్ తన ఆయిల్‌నే తాగి మండిస్తుంది. అప్పుడు తాళం తీసినా, డీజిల్ కట్ చేసినా ఇంజన్ ఆగకుండా పరుగెత్తవచ్చు. చక్రం పగిలితే ముక్కల్ని లోపలే ఆపాల్సింది పైనున్న హౌసింగ్. నాసిరకం పోతతో చేసిన హౌసింగ్ ఆపుతుందని ఎవరు పూచీ ఇస్తారు? 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్లతో ఇంకో తంటా ఉంది. వాటిలో చాలావాటి టర్బోను కంప్యూటరే సర్దుతుంది. ఆ సర్దుబాటు సరిగ్గా లేని టర్బో పెడితే నల్లపొగ వస్తుంది, పవర్ పడిపోతుంది, చివరికి ఖర్చు సైలెన్సర్ ఫిల్టర్ దాకా పాకుతుంది.

అలాగని కంపెనీ ముద్ర లేనిదంతా చెత్త అని మేం అనడం లేదు. రైల్వేలో చేసిన మన పెద్దల్ని అడగండి. రాయపూర్, వాల్తేరు డీజిల్ షెడ్లలో ఆల్కో ఇంజన్లు నడిచిన రోజుల్లో, 2600 హార్స్‌పవర్ ఇంజన్‌ను 3100కు పెంచడంలో మెరుగైన టర్బోకు పెద్ద పాత్ర ఉంది. అవన్నీ ఒకే కంపెనీవి కావు: ఏబీబీ ఉంది, నేపియర్ ఉంది, జీఈ ఉంది. రైల్వే బయటివాళ్ల దగ్గరా సామాను కొంటుంది. కాకపోతే కీలకమైన భాగాలకు లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ పరీక్షించి ఆమోదించిన వాళ్ల జాబితా ఉంటుంది. కొత్తవాడికి ముందు చిన్న ఆర్డరే ఇస్తారు. తన పేరు తాను వేసుకుని, బిల్లూ వారంటీ ఇచ్చి, సీరియల్ నంబరు చెక్కిన చవక టర్బో అమ్మేవాడు వ్యాపారి. ఇంకొకడి పేరు అచ్చేసి అమ్మేవాడు దొంగ. మన తగవు వాడితోనే.

ఆ దొంగకు సరుకు అందించేది ఒక్కోసారి మనమే. పాత టర్బోను పేరు ప్లేటుతో సహా కబాడీకి వేస్తాం. అదే రంగు పూసుకుని తిరిగి రావచ్చు. అందుకే కబాడీకి వేసేముందు ప్లేటు మీద సుత్తి దెబ్బ వేయండి. డబ్బా చింపేయండి.

ఇక మిస్త్రీ సోదరులకు ఒక మాట. టర్బో తనంతట తాను పోయేది తక్కువ, పోగొట్టేది ఎక్కువ. ఆయిల్ పైపులో నల్లటి మడ్డి పేరుకుంటుంది, గాలి ఫిల్టర్ పక్క నుంచి గెవరా, దీప్కా బొగ్గుదుమ్ము దూరుతుంది, లోడుతో వచ్చి గబుక్కున ఇంజన్ కట్టేస్తే వేడికి ఆయిల్ మాడిపోతుంది. ఇవి సరిచేయకుండా బిగిస్తే అసలు టర్బో అయినా అదే దారి పడుతుంది. పాతది ఎందుకు పోయిందో ఓనరుకు చెప్పనిదే కొత్తది బిగించకండి. పైపు మార్చండి, కొత్త ఫిల్టర్ వేయండి, స్టార్ట్ చేసే ముందు కొత్త టర్బోలో ఆయిల్ పోయండి. డ్రైవర్ తమ్ముళ్లూ, దూరం నుంచి వచ్చాక రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి కట్టేయండి.

డబ్బు మాటకొద్దాం. అసలు టర్బో అంటే విదేశీ సరుకని భయపడనక్కర్లేదు. చెన్నై దగ్గర టర్బో ఎనర్జీ, మన పొరుగు మధ్యప్రదేశ్‌లోని దేవాస్‌లో హోల్సెట్ టర్బోలు తయారవుతున్నాయి. లారీ కంపెనీ డబ్బాలో కాకుండా తయారీదారు సొంత డబ్బాలో అడిగితే కొంత తక్కువకు రావచ్చు. ఒకే మోడల్ బండ్లున్న ఆరేడుగురు కలిసి ఒక అసలు టర్బో కొని ఉంచుకోండి. ఎవరికి అవసరమైతే వాళ్లు వాడుకుని, దాని స్థానంలో కొత్తది తెచ్చి పెట్టాలి. కంగారు లేనివాడిని దుకాణంవాడు మోసం చేయలేడు.

మోసపోతే ఊరుకోకండి. తప్పుడు ట్రేడ్‌మార్క్ వేస్తే 1999 చట్టం కింద ఆర్నెల్లకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు. సొంత జీవనోపాధికి బండి నడుపుకునేవాడు 2019 వినియోగదారుల చట్టం కింద వినియోగదారుడే. ఐదు లక్షల లోపు వస్తువు మీద కేసుకు ఫీజు లేదు, బిలాస్‌పూర్ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు. వీటన్నిటికీ మొదట చూపించాల్సింది బిల్లు.

కంపెనీలనూ వదలం. కోర్ ఒక్కటి పోతే మొత్తం టర్బో కొనిపించడం ఏం న్యాయం? ఇంజన్, గేర్‌బాక్స్ పాతవి తీసుకుని బాగుచేసినవి ఇచ్చే పద్ధతి టాటాకు ప్రోలైఫ్ పేరుతో ఉంది. ప్రతి కంపెనీ ప్రతి మోడల్ టర్బోకూ అలాంటి మార్పిడి ఇవ్వాలి, కోర్‌ను విడిగా అమ్మాలి, ధర దుకాణం గోడ మీద రాయాలి. ఇవే అడుగుతూ బిలాస్‌పూర్ డీలర్లందరికీ అర్జీ రాశాం. సంతకం పెట్టేవాళ్లు పేరు పక్కన బండి మోడలు, ఇప్పటిదాకా మార్చిన టర్బోల సంఖ్య కూడా రాయండి.