రేకులు కోసే పనా? రికార్డు జాగ్రత్త!

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ‘రోటర్‌డామ్ ఒప్పందం’ తెలిసిన బిట్టే. ప్రమాదకర రసాయనాలను అమ్మే దేశం, కొనే దేశం అనుమతి ముందే తీసుకోవాలన్నది దాని సారం. తెల్ల ఆస్బెస్టాస్‌ను ఆ జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదన ఏళ్లుగా వస్తూనే ఉంది. ఏకాభిప్రాయం కుదరక 2025లోనూ ఆగిపోయింది. ఐటీఐ, డిప్లొమా చేసి పనిలో చేరబోయే మీకు మాత్రం ఇది బిట్టు కాదు, బతుకు.

ఆస్బెస్టాస్ అంటే రాతినార. ఒకప్పుడు మన పులివెందుల ప్రాంతంలోనూ తవ్వేవారు. ఇప్పుడు రష్యా, కజకిస్థాన్, బ్రెజిల్‌ల నుంచి తెచ్చుకుంటున్నాం. అందులో ఎక్కువ భాగం సిమెంటు రేకుల్లోకే పోతుంది.

రేకు కప్పు మీద కదలకుండా ఉన్నంతకాలం నార సిమెంటులో బిగిసి ఉంటుంది. కట్టర్‌తో కోసినా, డ్రిల్ చేసినా, పాత రేకు పగలగొట్టినా దుమ్ముగా లేస్తుంది. కంటికి కనపడనంత సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లోని వాయుగోణుల దాకా దిగుతాయి. అక్కడ కాపలా కాసే స్థూలభక్షక కణాలు మామూలు దుమ్మునైతే మింగేస్తాయి. తమకన్నా పొడవైన పోగును మాత్రం మింగలేవు. ఆ పెనుగులాటలో వాపు వస్తుంది, ఏళ్ల తరబడి అదే మచ్చగా గట్టిపడుతుంది. మచ్చపడిన ఊపిరితిత్తి సరిగ్గా సాగదు, రక్తానికి ఆక్సిజన్ చాలదు. ఇదే ఆస్బెస్టోసిస్. దీన్ని నయం చేసే మందు లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా ముప్పు కూడా ఉంది. సిగరెట్ అలవాటుంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అసలు చిక్కంతా కాలంతోనే. 22 ఏళ్లకు పీల్చింది 50 దాటాక బయటపడొచ్చు. అప్పటికి ఆ కంపెనీ ఉంటుందో లేదో! అక్కడ పనిచేశానని రుజువు చేసేదెలా?

సుప్రీంకోర్టు 1995లోనే దీని మీద తీర్పు ఇచ్చింది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా ఉంచాలంది. చట్టం ప్రకారం ఆస్బెస్టోసిస్‌ను ప్రభుత్వానికి తెలపాల్సిందే. కానీ ఇవన్నీ రిజిస్టర్‌లో పేరున్నవాడికే అక్కరకొస్తాయి. మేస్త్రీ కింద రోజుకూలీకి చేరితే పేరెక్కడుంటుంది?

అందుకే మీ రికార్డు మీరే దాచుకోండి. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, ఈఎస్‌ఐ కార్డు, చేరేముందు తీసిన ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ రిపోర్టు... అన్నీ ఫొటో తీసి పెట్టుకోండి. రేకును తడపకుండా కోయొద్దు, దుమ్మును పొడి చీపురుతో ఊడ్వొద్దు. ముఖానికి కర్చీఫ్ కడితే ఈ పోగులు ఆగవు, సరైన రెస్పిరేటర్ అడగండి. పని బట్టలతో ఇంటికి వెళ్లొద్దు, ఆ దుమ్ము ఇంట్లోవాళ్లూ పీలుస్తారు.

ఇంటర్వ్యూలో జీతమెంతని ఎలాగూ అడుగుతారు. ఇక్కడ ఏ దుమ్ము లేస్తుంది, నా పేరు ఏ రిజిస్టర్‌లో ఉంటుంది అని కూడా అడగండి.