నాలుగున్నరకే పొద్దుగూకే ఊరికి...

కొడుక్కి సెలవులు దొరికేది క్రిస్మస్‌కే. పది రోజులు న్యూయార్క్ వెళ్లి, సంక్రాంతికి ఇంటికి చేరాలని చాపాడు, ప్రొద్దుటూరు వైపు అమ్మానాన్నలు అనుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. వీసా చేతికొచ్చిందనుకుందాం. ముందు లెక్కేయాల్సింది వెలుతురు. డిసెంబరు చివర్లో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. మనకన్నా పదిన్నర గంటలు వెనక కాబట్టి మొదటి రెండు మూడు రోజులు మిట్టమధ్యాహ్నమే కునుకుపాట్లు. చేతికి మిగిలేది వారమే!

అందుకే బయట చూసేవన్నీ పొద్దున్నే పెట్టుకోవాలి. స్టాటెన్ ఐలండ్ ఫెర్రీకి టికెట్ లేదు. వెచ్చగా లోపల కూర్చునే కిటికీలోంచి లిబర్టీ విగ్రహాన్ని చూడొచ్చు. చీకటి పడ్డాక టైమ్స్ స్క్వేర్ దీపాలు ఎలాగూ ఉన్నాయి. ఫ్లషింగ్‌లో 1977లో వెలసిన వినాయకుడి గుడికి ఒక పూట కేటాయించండి. దర్శనమయ్యాక గుడి క్యాంటీన్‌లో వేడి దోసె తినొచ్చు. నాలుగు రోజులు బ్రెడ్డు తిన్న నోటికి అంతకన్నా ఏం కావాలి?

మన చలికి శాలువా చాలు. అక్కడ సున్నా కిందికి దిగుతుంది. ఒక్క మందపాటి స్వెటర్ కాకుండా, పలుచనివి రెండు మూడు ఒకదానిపై ఒకటి వేసుకోవాలి. గదుల్లో హీటర్లుంటాయి, తీసేయడానికి వీలుండాలి. ప్రొద్దుటూరు బట్టల బజారులో దొరకనిదంటూ ఉంటే అది ఆ చలికి సరిపోయే కోటే. దాన్ని విమానాశ్రయానికే తెమ్మని కొడుక్కి చెప్పండి. జారని బూట్లు కూడా.

అన్నిటికన్నా ముఖ్యం బీమా. ఇదివరకే ఉన్న బీపీ, షుగరు, గుండెజబ్బులకు చాలా పాలసీలు డబ్బివ్వవు, ఇచ్చినా కొంతవరకే. అక్కడ ఆసుపత్రిలో ఒక్క రాత్రి ఖర్చు టికెట్లను మించిపోవచ్చు. పాలసీ కాగితంలో ఆ ముక్క చదివాకే డబ్బు కట్టండి. మాత్రలు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉంచుకోండి.