కంప్యూటరు మెదడు: పేరు ప్రధానమా, తరం ప్రధానమా?

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" అన్నారు మన పెద్దలు. ఈ సామెత కంప్యూటర్లకు ఎంతగా సరిపోతుందో మా ఇంటి అనుభవం వల్లనే నాకు తెలిసివచ్చినది.

మా అన్నగారు విశాఖ రేవుకు సరుకులు చేరవేసే లారీ డ్రైవరు. కుమారుడు డిగ్రీలో చేరగానే, రెండేళ్ళుగా కూడబెట్టిన సొమ్ముతో నగరంలోని ఒక దుకాణానికి వెళ్ళి కంప్యూటరు కొని తెచ్చారు. పెట్టె కొత్తది; ముందువైపు రంగురంగుల దీపాలు; పైన "ఐ5" అన్న చీటీ. "ఐ3 కన్న ఐ5 పెద్దది కదా, అందుకే ఇది తెచ్చాను" అన్నారు సంతోషంగా. నెల తిరగకముందే పిల్లవాడు నా వద్దకు వచ్చి, "చాచా, ఐ5 మంచిదంటారు కదా, మరి దీనిలో విండోస్ 11 ఎందుకు ఎక్కడం లేదు?" అని అడిగాడు. చూడగా అది కోర్ ఐ5-2400. అంటే 2011 జనవరిలో వెలువడిన ప్రాసెసరు. కొత్త పెట్టెలో పాత మెదడు! దుకాణదారు అబద్ధమాడాడని నిలదీయడానికీ వీలు లేదు; అది ఐ5 అన్న మాట అక్షరాలా నిజం.

మా అన్నగారు అమాయకులు కారు. పాత లారీ బేరానికి వస్తే ఆయన మొట్టమొదట అడిగేది "ఏ మోడలు?" అని, అనగా ఏ సంవత్సరపుదని. రంగు చూసి ఏనాడూ ఆయన లారీ కొనలేదు. ఆ ఒక్క ప్రశ్న కంప్యూటరు దుకాణంలో ఆయనకు తోచలేదు. అది ఆయన దోషం కాదు, చెప్పవలసిన మనవంటి చదువుకున్నవారిది. ఇప్పుడు మన కళాశాల కంప్యూటరు గదికి యంత్రాలు కొనే విషయమై "కార్యాలయాలు వాడి విడిచిన ఐ5లను బాగుచేసి అమ్ముతున్నారు, చవకగా వస్తాయి, కొత్త ఐ3లు ఎందుకు?" అన్న మాట వినవస్తున్నది. కనుక నాకు తోచిన అభిప్రాయాన్ని విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచడం నా విధి అనుకుంటున్నాను.

ముందుగా పేరును చదవడం నేర్చుకుందాము. ఇంటెల్ సంస్థ వారి ఈ పేర్లలో ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఆ ఏటి సరుకులో చవకరకం, నడిమిరకం, మేలురకం అని తెలిపే గుర్తులు మాత్రమే. దాని తరువాత వచ్చే అంకెలోనే తరం దాగి ఉన్నది. ఐ5-7500 అంటే ఏడవ తరం. ఐ3-12100 అంటే పన్నెండవ తరం. ఒకే తరంలో అన్నదమ్ములను పోల్చినపుడు ఐ5 పెద్దదే. తాతను మనుమనితో పోల్చినపుడు ఆ కొలత చెల్లదు.

ఈ రెండింటినే ఉదాహరణగా తీసుకుందాము. ఐ5-7500 వచ్చినది 2017 జనవరిలో; అప్పటి నడిమిరకం, సంస్థ ప్రకటించిన ధర సుమారు 192 డాలర్లు. ఐ3-12100 వచ్చినది 2022 జనవరిలో; అప్పటి చవకరకం, ధర సుమారు 122 డాలర్లు. రెండింటిలోనూ పనిచేసే కేంద్రాలు, అనగా కోర్లు, నాలుగేసి. మామూలు వేగం మొదటిదానికి 3.4, రెండవదానికి 3.3 గిగాహెర్ట్‌జ్. ఇంతవరకు చూచినవాడు పాతదే కొంచెం మేలని భ్రమపడగలడు.

అసలు భేదం లోపల ఉన్నది. రేవులో నాలుగు క్రేన్లు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క క్రేను ముందు ఒకే వరుసలో లారీలు నిలబడితే, ఒక లారీ ఆలస్యమైనపుడు క్రేను ఊరక నిలబడవలసినదే. రెండు వరుసలుంటే ఒక వరుస ఆగినా రెండవ వరుసకు పని జరుగుతుంది. ఐ5-7500లో నాలుగు కోర్లకు నాలుగే వరుసలు. ఐ3-12100లో నాలుగు కోర్లకు ఎనిమిది. ఇక సరుకును చేతికందేలా ఉంచుకొనే చిన్న గిడ్డంగి వంటిది క్యాష్ అనే జ్ఞాపకశక్తి. అది పాతదానిలో 6 మెగాబైట్లు, కొత్తదానిలో 12. అన్నిటికన్న ముఖ్యం, గిగాహెర్ట్‌జ్ అన్నది క్రేను చేయి సెకనుకు ఎన్నిసార్లు కదులుతుందో చెబుతుందే కాని, ప్రతి కదలికలో ఎంత బరువు ఎత్తుతుందో చెప్పదు. ఆ బరువు తరతరానికీ పెరుగుతూ వచ్చినది. అందుచేతనే ఒంటి పనిలో ఈ ఐ3 ఆ ఐ5కు దాదాపు ఒకటిన్నర రెట్లు, పలు పనులు ఒకేసారి చేయించినపుడు సుమారు రెట్టింపు చురుకుగా ఉంటుంది.

నడిమిరకాన్ని చవకరకం దాటిపోవడానికి కారణం లేకపోలేదు. 2009లో ఐ5 పుట్టినది మొదలు 2017 తొలినాళ్ళ దాకా డెస్క్‌టాప్ ఐ5కు సాధారణంగా నాలుగు కోర్లే. 2017 మార్చిలో ఏఎండీ సంస్థ రైజెన్ ప్రాసెసర్లతో ఎనిమిది కోర్లను సామాన్యుని అంగడికి తెచ్చినది. ఆ ఏడాది అక్టోబరులోనే ఇంటెల్ వారు ఐ5కు ఆరు కోర్లు, ఐ3కి నాలుగు ఇచ్చారు. జనవరిలో ఐ5 అని కొన్నవాని నాలుగు కోర్లు అక్టోబరుకు ఐ3 కొన్నవానికి దక్కినవి! అంగడిలో పోటీ ఉంటే బీదవానికి మేలన్న మాటకు ఇంతకన్న చక్కని నిదర్శనం వేరే అక్కరలేదు.

అయితే పాతవాటి పక్షాన చెప్పవలసినదీ ఉన్నది. వాడదగిన యంత్రాన్ని చెత్తకుప్పకు పంపడం దుబారా. అందులోని సీసం వంటివి నేలకూ నీటికీ చేటు. ఇన్‌పేజ్‌లో ఉర్దూ పుటలు, అనూ ఫాంట్లతో తెలుగు పుటలు కూర్చడానికి ఐ5-7500 చాలదనడం అన్యాయం; ఆ పనులు దానికన్న ఎంతో బలహీనమైన యంత్రాలమీద ఏళ్ళ తరబడి సాగినవి. పైగా కంటికి కనబడే మందకొడితనం చాలాసార్లు ప్రాసెసరుది కాదు, తిరిగే పాత హార్డ్ డిస్కుది. దానిని తీసి ఎస్ఎస్‌డీ అమర్చి, ర్యామ్ 8 గిగాబైట్లకు పెంచితే ముసలి యంత్రం కూడా లేచి నడుస్తుంది. ఎస్ఎస్‌డీ గల పాత ఐ5, హార్డ్ డిస్కు గల కొత్త ఐ3 కన్న చురుకుగా తోచడం నేను కళ్ళారా చూచినదే.

కాని కళాశాల కొనుగోలు ఒక్కనాటి అవసరం కోసం కాదు. అయిదారేళ్ళ పాటు వచ్చే విద్యార్థుల కోసం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 అంగీకరించే జాబితా, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదవ తరంతో మొదలవుతుంది; ఐ5-7500 ఆ గడప దగ్గరే ఆగిపోయినది. దొడ్డిదారిన ఎక్కించే ఉపాయాలున్నా ఒక విద్యాసంస్థకు అవి తగవు. పాత బోర్డుకు కొత్త తరం ప్రాసెసరు అమరదు; ఐ3-12100 బోర్డు మీదనైతే రేపు పదమూడు, పద్నాలుగు తరాల ఐ5ను కూడా అమర్చుకొనే వీలున్నది.

కనుక నా విన్నపమిది. కమిటీవారు కళాశాల గదికి కొత్త తరపు ఐ3లనే కొనాలి. ఐ5 పేరు కోసం వెచ్చించదలచిన అదనపు సొమ్మును ఎస్ఎస్‌డీకి, 16 గిగాబైట్ల ర్యామ్‌కు మళ్ళించాలి. పేరు చివర "ఎఫ్" అక్షరం ఉన్నదానిని తీసుకోరాదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనిదే దానితో తెరమీద బొమ్మ రాదు. ఇప్పుడున్న పాత యంత్రాలను అమ్మివేయక, లినక్స్ ఎక్కించి తెలుగు, ఉర్దూ టైపు అభ్యాసానికి ఉంచాలి.

మన విద్యార్థులలో అనేకులకు ఈ గదిలోని కంప్యూటరే మొదటి కంప్యూటరు. కొందరికి, ముఖ్యంగా ఆడపిల్లలకు, అదే ఏకైక కంప్యూటరు. వారు నేర్చినది బయట ఉద్యోగంలో పనికిరావాలంటే, గదిలోని యంత్రం వారికన్న ముందే రిటైరు కాకూడదు.

విద్యార్థులారా! ఇంట్లో కంప్యూటరు కొనే స్తోమత మీ తండ్రులకు బహుశా ఒక్కసారే కలుగుతుంది. ఆనాడు దుకాణంలో వారి పక్కన నిలబడండి. చీటీమీది "ఐ" తరువాతి అంకె చూసి మురిసిపోకండి. గీత తరువాతి అంకె చూపించమని, దానిని తెరమీద కూడా చూపించమని అడగండి. పాతది కొనడం తప్పు కాదు. పాతదని తెలియక కొత్తదాని ధర ఇవ్వడం తప్పు.

మా అన్నగారి ఐ5కు ఎస్ఎస్‌డీ అమర్చి, లినక్స్ ఎక్కించి ఇచ్చాను. పిల్లవాడు ఇప్పుడు దానిమీదే ఉర్దూ టైపు నేర్చుకుంటున్నాడు. మొన్న అన్నగారు గోపాలపట్నంలో మా ఇంటికి వచ్చి, పొరుగువారి అబ్బాయి కంప్యూటరు కొంటున్నాడని విని అడిగిన మొదటి మాట: "ఏ మోడలు బాబూ?"