సాఫ్టువేరు సూచనలు ఎవరికొఱకు?

సాఫ్టువేరు వాడుకను తెలుపు సూచనలు మనదేశమున ఎవరిని ఉద్దేశించి వ్రాయబడుచున్నవో మాకు బోధపడకున్నది. తెలిసినవారికి అవి అక్కఱలేదు. తెలియనివారికి అవి అర్థము కావు. "మేము అంతయు వ్రాసియే యుంచితిమి, ప్రజలు చదువరు" అని వ్రాసినవారి సమాధానము. కూరలో ఉప్పెక్కువైనపుడు విస్తరిముందు కూర్చున్నవాని నాలుకను నిందించుట యెట్టిదో యిదియు నట్టిదే.

చదువరన్న మాట నిజమే. 1980వ దశకమున అమెరికాలో ఐబీయమ్ సంస్థ పరిశోధకుడైన జాన్ క్యారల్, తన సహచరులతో గూడి, కంప్యూటరుపై లేఖలు వ్రాయుట నేర్చుకొనువారిని పరిశీలించెను. వారు పుస్తకమును మొదటినుండి చదువుట కోర్వక, మీటలపై చేయివేసి పని మొదలుపెట్టుచుండిరి, దారి తప్పుచుండిరి. క్యారల్ వారిని తప్పుపట్టలేదు, పుస్తకమునే కుదించెను. నిజమైన పనితో ఆరంభించి, పొరపాటు జరిగినచో వెనుకకు మరలుట యెట్లో అచ్చటచ్చటనే చెప్పెను. ఆ చిన్నపుస్తకము పట్టినవారే త్వరగా నేర్చుకొనిరి.

అట్లైన ఆరితేరినవారి గతి యేమని కొంద ఱడుగుదురు. దీనికి 1984లోనే జవాబు వచ్చినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడగు డోనాల్డ్ క్నూత్, తాను నిర్మించిన టెక్ అను అచ్చుకూర్పు సాఫ్టువేరునకు 'టెక్‌బుక్' అను గ్రంథము వ్రాసెను. రహదారిపై ప్రమాదకరమైన మలుపును తెలుపు ఫలకమువంటి గుర్తును కఠినవిషయముల మొదట నుంచి, ఆ భాగములను చిన్నయక్షరములతో అచ్చువేయించి, తొలిసారి చదువువారు వానిని దాటిపోవచ్చు ననెను. మఱింత గహనమైనచోట రెండు గుర్తులు. నడుమనడుమ డ్యూయేన్ బిబీ గీసిన సింహపు బొమ్మలు. ఒక్క గ్రంథము ఇరువురు పాఠకులకును సరిపోయినది. అంతకంటె మెచ్చదగినది వేఱొకటి కలదు: ఆరంభమున చెప్పు కొన్ని నియమములు పూర్తిగా సత్యములు కావనియు, పిమ్మట సవరింపబడుననియు క్నూత్ పీఠికలోనే ఒప్పుకొనెను.

మనవారి కీ ధైర్యము లేదు. 2016లో వెలసిన యూపీఐ సంగతియే చూడుడు. క్రొత్తవారు మొట్టమొదట తెలిసికొనవలసినది యొక్కటే: సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ కొట్టవలసిన పని ఎన్నడును లేదు. "మీకు డబ్బు రావలెనన్న పిన్ కొట్టుడు" అను మోసగాని మాటకు బలియగుచున్నవారు ఈ సంగతి తెలియనివారే. ఇది మొదటి పుటలో పెద్దబొమ్మతో నుండవలసినది. మేము చూచిన యొక కరపత్రమున ఇది వెనుకవైపు, చీమతలలవంటి అక్షరములలో నున్నది. చిన్నమొత్తములను పిన్ లేకయే చెల్లించు యూపీఐ లైట్ వంటి విశేషములు మలుపుగుర్తు క్రింద నుండదగినవి. అవి మాత్రము ముందు పీటవేసికొని కూర్చున్నవి!

ఇక బొమ్మలు. తెరనంతయు తపాలాబిళ్లంత చేసి అచ్చువేసిన అందు చదువదగిన దేమి? కావలసిన మీటమాత్రము కత్తిరించి పెద్దదిగా చూపి, దానిపై ఒక అంకె వేసి, ఆ అంకెతోనే ప్రక్కన వాక్యము వ్రాయవలెను. నలుపుతెలుపుల జిరాక్సు కాగితమున "పచ్చమీట నొక్కుడు" అనుట పరిహాసము. భాషయు నట్లే. ఫోనుతెరపై 'పే' అని యుండగా సూచనలో 'ప్రదానము చేయుడు' అని వ్రాసిన, చదువరి ఆ 'ప్రదానము'ను తెరపై ఎచ్చట వెదకవలెను? గ్రాంథికభాషపై మాకు గల మక్కువ చదువరు లెఱుగనిది కాదు. అయినను తెరపై నున్నమాటనే తెలుగులిపిలో వ్రాయవలెనని మేము పట్టుపట్టుచున్నాము.

ఇది కేవలము అచ్చుపనివారి తగవు కాదు. ఎందఱో గృహిణులు, వృద్ధులు సూచన తెలియక తమ ఫోనును, పిన్‌ను పరులచేత బెట్టుచున్నారు. ఖాతా అవ్వపేరనే యున్నది. ఎంత సొమ్మున్నదో చూచుకొనుటకు మాత్రము మనుమని తీరికకై కాచుకొనుచున్నది. ఆమెకు చదువు లేదందురా? ఆమె దినపత్రికను ఆమూలాగ్రముగా చదువుచున్నది.

యాప్ రూపము మాటిమాటికి మాఱుచుండగా బొమ్మలనెట్లు నిలుపుట యను ఆక్షేపణ యొకటి మిగిలినది. రూపము మార్చినవారే, ఆ దినముననే, బొమ్మయు మార్చవలెను. మార్చిన పత్రమును ప్రకటించుటకు ముందు, ఫోనుకు క్రొత్తయైన యొక అవ్వచేత బెట్టి, వ్రాసినవారు ప్రక్కన నోరుమెదపక కూర్చుండవలెను. ఆమె వ్రేలు ఎచ్చట ఆగునో ఆ వాక్యమును తిరిగి వ్రాయవలెను. ఇందులకు ఒక పూట చాలును.