పొగకో దారి

తొలకరి పడితే చాలు, మా వజ్రకరూరు చేలల్లో జనం వంగి వంగి నడుస్తుంటారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, సద్దిమూటలు గట్టున పెట్టి, వాన కడిగిన నేలలో మెరిసే రాయి కోసం వెతుకుతారు. ఆ రాళ్ళు పైకి ఎలా వచ్చాయో భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. సుమారు నూరు కోట్ల ఏళ్ళ కిందట, నూటయాభై కిలోమీటర్లకు పైబడిన లోతు నుంచి కింబర్లైట్ ‘పైపుల’ గుండా తన్నుకొచ్చాయట. భూమి కూడా తన కడుపులో వేడి బయటపడటానికి ఓ గొట్టం పెట్టుకుంది. మన వంటింట్లో పొయ్యికి మాత్రం అది లేదు.

ఇదేం పోలిక అని నవ్వకండి. ఈ వారం నేను చెప్పబోయేది పొగగొట్టం గురించే.

నేను కోడలిగా వచ్చేనాటికి మాది మట్టి మిద్దె. పొయ్యికి పైన కప్పులో మూరెడు గవాచి ఉండేది. వానొస్తే మామ పైకెక్కి బండ మూసేవాడు. పొగంతా అందులోంచే పోయేదని చెప్పను. దూలాలన్నీ మసిబారే ఉండేవి. అయినా పొగకు ఓ దారంటూ ఉండేది. తర్వాత మిద్దె పడగొట్టి స్లాబు వేశాం. మేస్త్రీ, మామ, మా ఆయన కూర్చుని ప్లాను గీశారు. దేవుని గూడు ఏ మూల, బోరు ఏ దిక్కు, అన్నీ మాట్లాడుకున్నారు. పొగ ఎటు పోవాలని ఎవరూ అడగలేదు. వాళ్ళననడం ఎందుకు, నేనూ అడగలేదు. గ్యాసు ఉంది కదా, ఇంక పొగెక్కడిది అనుకున్నాను. డిగ్రీ చదివి, కథలు రాసేదాన్ని, నాకు ఆ మాత్రం తోచలేదు.

గ్యాసు వచ్చింది, కానీ కట్టెల పొయ్యి పోలేదు. కాఫీ, కూర సిలిండరు మీద. సంగటి, స్నానాలకు నీళ్ళు, పండగనాటి వంట వెనక గదిలో కట్టెల మీద. కంది కట్టె, పత్తి కట్టె చేనులో ఊరికే దొరుకుతున్నప్పుడు ఎవరు కాదంటారు? 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఇచ్చే దీపం-2 మొదలైంది. మంచివే, కాదనను. కానీ ఆరుగురున్న మా ఇంట్లో మూడు సిలిండర్లతో పన్నెండు నెలలు గడవవు. కరువు సీమలో పంట పోయిన ఏడాది ఆడది మొదట పొదుపు చేసేది గ్యాసే.

గవాచి లేని ఆ గదిలో మా అత్త పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదుతుండేది. దగ్గు మొదలైంది. దుమ్మన్నాం, చలన్నాం. చివరికి ఆయాసంతో రెండు మెట్లు ఎక్కలేకపోతే ఆసుపత్రికి తీసుకుపోయాం. “బీడీ తాగుతావా అమ్మా?” అన్నాడు డాక్టరు. “బీడీకి గీసే పుల్ల గూడా పొయ్యిలోకే నాయనా” అంది అత్త నవ్వుతూ. అప్పుడాయన మా వంటిల్లు ఎలా ఉంటుందని అడిగాడు. పాడైన ఊపిరితిత్తులు మళ్ళీ బాగుపడవనీ, ఇక ముందన్నా పొగ తగలకుండా చూసుకోమనీ చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇదేమీ ఎవరికీ తెలియని విషయం కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు పొగ లేని మట్టిపొయ్యిని రూపొందించి, 1953లోనే దాని మీద పుస్తకం రాశారు. ఒకే మంట మీద రెండు మూడు గిన్నెలు, చివర పొగగొట్టం. 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టి ఊరూరా ఇలాంటి పొయ్యిలు వేయించింది. 2002లో అది ఆగిపోయింది. ఆ తర్వాత ఒడిశా పల్లెల్లో గొట్టాలున్న పొయ్యిల మీద ఎస్తేర్ డఫ్లో, రీమా హన్నా, మైకేల్ గ్రీన్‌స్టోన్ కొన్నేళ్ళ పాటు పరిశోధన చేశారు. మొదటి ఏడాది ఆడవాళ్ళు పీల్చే పొగ తగ్గింది. తర్వాత ఆ మేలు కనిపించలేదు. పొయ్యిలు పగిలితే బాగుచేయలేదు, గొట్టాలు పూడితే దులపలేదు, వాడకమే తగ్గిపోయింది. గొట్టం నిలబెట్టి చేతులు దులుపుకుంటే చాలదన్నమాట.

మా అనుభవమూ అదే. స్లాబుకు బొక్క పెడితే ఇల్లు కారుతుందని మామ ఒప్పుకోలేదు. సరే, గోడలోంచి గొట్టం బయటికి తీసి నిలబెట్టించాం. మేస్త్రీ దాన్ని పిట్టగోడ కన్నా కిందే ఆపేశాడు. ఆషాఢంలో మా వైపు గాలి సంగతి తెలిసిందే. ఉరవకొండ వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! ఆ గాలి గోడకు కొట్టుకుని, పొగనంతా తిరిగి గదిలోకే తోసింది. “ఇంతకన్నా ముందే నయం” అన్నారు ఇంట్లో వాళ్ళు. మళ్ళీ మేస్త్రీని పిలిచి గొట్టం పెంచాక గానీ గది తెరిపిన పడలేదు.

అందుకే నేను నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో చెబుతాను. వేడిగాలి తేలిక, పైకి లేస్తుంది. గొట్టం ఎంత ఎత్తుంటే అంత బాగా పొగను లాగుతుంది. కాబట్టి పిట్టగోడకు పైన కనీసం రెండడుగులు ఉండాలి. నాలుగంగుళాల వెడల్పు ఇంటి పొయ్యికి సరిపోతుంది. వంపులు ఎంత తగ్గితే అంత మంచిది. వంపు ఉన్నచోటే మసి పేరుకుంటుంది. పైన వాన పడకుండా టోపీ, కింద మసి తీయడానికి మూత పెట్టించుకోండి. నెలకొకసారి దులపండి. గొట్టం కాలుతుంది కనక బోద కప్పుకీ, కొయ్యకీ తగలనివ్వకండి. పొయ్యి ఉన్న గదికి తలుపో కిటికీనో తెరిచి ఉండాలి. లోపలికి గాలి రాకపోతే బయటికి పొగ పోదు. పొద్దున్నే చల్లబడిన గొట్టం లాగదు. ముందు గొట్టం మొదట్లో గుప్పెడు ఎండుగడ్డి మండించండి. ఆస్బెస్టాస్ గొట్టం మాత్రం వద్దు. దాన్ని కోసినప్పుడు లేచే ధూళి క్యాన్సరు తెస్తుంది. మట్టి గొట్టమో, రేకు గొట్టమో చాలు.

దీనికంతా మాకైన ఖర్చు కొత్త టీవీకి పెట్టినదానిలో సగం కూడా లేదు. ఆ టీవీ కొనడానికి ఎవరూ రెండుసార్లు ఆలోచించలేదు. గొట్టానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది. ఎందుకంటారు? టీవీ అందరూ చూస్తారు. పొగ ఒక్కరే పీలుస్తారు.

ఇల్లు కట్టుకుంటున్న చెల్లెళ్ళకు నాదొక్కటే మాట. ముగ్గు పోసే రోజున మీరూ అక్కడ నిలబడండి. సర్కారు ఇల్లయినా, సొంత ఇల్లయినా, “పొగ ఎటు పోతుంది?” అని గట్టిగా అడగండి. గ్యాసుంది కదా అంటే, కట్టెలెక్కడ పెట్టాలో మీరే చూపించండని అనండి.

మా అత్త ఇప్పుడు బయట అరుగు మీద కూర్చుని గొట్టం చివర లేచే పొగను చూస్తుంటుంది. ఆమెకు అది ఆలస్యంగా వచ్చింది. రేపు మా ఇంటికొచ్చే కోడలికి అలా కాకూడదు. మా ఊళ్ళో వజ్రం దొరకాలంటే అదృష్టం ఉండాలి. పొగగొట్టానికి అదృష్టంతో పనిలేదు. నోరు తెరిచి అడిగితే చాలు.